వెలుతురుతో రాత్రిని తయారుచేసినాయన

రాత్రి పన్నెండింటికి ఫోన్లో నైట్ మోడ్ పెట్టి కొత్తగూడ ఫ్లైఓవర్ ఫొటో తీశారనుకోండి. ఏమొస్తుంది? సాయంత్రం ఐదింటికి తీసినట్టు ఉంటుంది. చీకటి మొత్తం మాయం. ఇవాళ దీనికి సరిగ్గా ఉల్టా పని చేసినాయన గురించి మాట్లాడుకుందాం. పేరు మార్కస్ బార్ట్‌లీ.

పేరు తెలీకపోయినా ఆయన పని చూసే ఉంటారు. 1957లో వచ్చిన ‘మాయాబజార్’కి కెమెరామన్ ఆయనే. ఆంగ్లో ఇండియన్. సినిమాల్లోకి రాకముందు పత్రికా ఫొటోగ్రాఫర్.

అందులో పడవ పాట గుర్తుందిగా? నాగేశ్వరరావు, సావిత్రి, చుట్టూ వెన్నెల... అది నిజం వెన్నెల కాదు. అయ్యే అవకాశమే లేదు. పున్నమి వెలుగు ఎండ కంటే దాదాపు 4 లక్షల రెట్లు తక్కువ. మన ఫోన్ అయితే వరసగా చాలా ఫ్రేములు తీసి కలిపేస్తుంది. సినిమా కెమెరాకి సెకనుకి 24 ఫ్రేములు, ఒక్కోదానికి దొరికేది సుమారు 1/48 సెకను. అప్పటి ఫిల్మ్‌తో నిజం వెన్నెల్లో తీస్తే తెర మీద నలుపు తప్ప ఏమీ ఉండదు.

మరి ఎలా? వెన్నెల ఎంత ఉందని కాదు, వెన్నెల్లో మన కంటికి ఏం కనిపిస్తుందని ఆలోచించాలి. నీళ్ల మీద మెరుపు, జుట్టు అంచున సన్నటి వెలుగు గీత, వెనక ముదురు ఆకాశం, మొహం మాత్రం మెత్తగా. ఈ తేడాలు సరిగ్గా కుదిరితే బ్లాక్ అండ్ వైట్‌లో మెదడు దాన్ని రాత్రి అనే నమ్ముతుంది. అప్పట్లో ఇలాంటి సీన్లకి సెట్‌లో లైట్లు అమర్చేవాళ్లు. లేదంటే పగలే ఎక్స్‌పోజర్ తగ్గించి తీసేవాళ్లు. లెన్స్ ముందు ఎర్ర ఫిల్టర్ పెడితే నీలం ఆకాశం నల్లబడుతుంది. ఇక ఫిల్మ్ ల్యాబ్‌లో కడిగొచ్చేదాకా ఎలా వచ్చిందో తెలీదు. ప్రివ్యూ లేదు, అన్‌డూ లేదు!

నాకైతే ఘటోత్కచుడి లడ్డూల ట్రిక్కు కంటే ఇదే గొప్ప. లడ్డూలు ఎగురుతుంటే ట్రిక్కని తెలిసిపోతుంది. వెన్నెల కూడా ట్రిక్కేనని ఎవరికీ అనిపించదు. (2010లో రంగులేసి మళ్లీ రిలీజ్ చేశారు. ఆ పాట మాత్రం బ్లాక్ అండ్ వైట్‌లోనే చూడండి, నా మాట వినండి.)

ఫోన్లో ఏమవుతుందంటే, రాత్రి ఎలా కనపడాలో ఎవరో ముందే కోడ్‌లో రాసేశారు. కోడ్ రాసి బతికినవాణ్ణి కాబట్టి చెప్తున్నా, అది సగటు రాత్రి. మీ అమ్మమ్మ ఊళ్లో అయినా, హైటెక్ సిటీలో అయినా ఒకేలా వస్తుంది.

ఈ వీకెండ్ ఒక పని చేయండి. ఎండ బాగా ఉన్నప్పుడు బొటానికల్ గార్డెన్‌కి వెళ్లి ఫ్రెండ్‌ని సూర్యుడి వైపు వీపు పెట్టి నిలబెట్టండి. ఎక్స్‌పోజర్ బాగా కిందికి లాగండి, బ్లాక్ అండ్ వైట్ చేయండి. ఫ్రేములో ఆకాశం ఎక్కువ రానివ్వకండి, వస్తే పగలని పట్టేస్తారు. ఇంట్లో చూపించి, ఎంతమంది రాత్రి అనుకున్నారో కామెంట్లో రాయండి.