"జాగ్రత్త" అంటే ఏం చెయ్యాలి? ప్రమాదం తెలియని పిల్లలకి నేర్పడం ఎలా

చాలామంది తల్లులు అడిగే ప్రశ్న ఇది. "మేడమ్, మా బాబుకి నాలుగేళ్ళు. ఆటిజం ఉందేమో అని అనుమానం, డాక్టరు గారు ఇంకా తేల్చలేదు. వేడి, ఎత్తు, రోడ్డు... దేనికీ భయపడడు. ఎన్నిసార్లు చెప్పినా వినడు. ఏం చెయ్యమంటారు?"

ముందు ఒక మాట. రిపోర్టు వచ్చేదాకా ఆగక్కర్లేదండి. పరీక్షల పని పరీక్షలదే, అది మానకండి. కానీ ఇవాళ చెప్పేవి ఏ పిల్లవాడికి నేర్పినా మంచిదే.

రెండో మాట, వాడు మొండివాడు కాదు. మనం "జాగ్రత్తరా!" అని అరిస్తే, చాలామంది పిల్లలు మన మొహం చూసి, గొంతులో కంగారు విని ఆగిపోతారు. ఆటిజం ఉన్న చాలామందికి ఆ మొహం, ఆ గొంతు అర్థం చేసుకోవడమే కష్టం. కొందరికి నొప్పి, వేడి మనకి తెలిసినట్టు తెలియవు. పైగా "జాగ్రత్త" అనే మాటలో చెయ్యాల్సిన పని ఏముంది? ఏమీ లేదు కదా!

అందుకని మొదట చెయ్యాల్సింది నేర్పడం కాదు, తాళం వెయ్యడం. సంపు మూతకి తాళం. వీధి తలుపుకి పైన, వాడికి అందని చోట గడియ. వంట అవగానే సిలిండర్ దగ్గర రెగ్యులేటర్ ఆపెయ్యాలి. బాల్కనీలో కుర్చీ, స్టూలు ఉంచొద్దు. అమెరికాలో 2012లో వచ్చిన ఒక అధ్యయనంలో, ఆటిజం ఉన్న పిల్లల్లో దాదాపు సగం మంది నాలుగేళ్ళు దాటాక ఒక్కసారైనా చెప్పకుండా వెళ్ళిపోయే ప్రయత్నం చేశారని తేలింది. అలా వెళ్ళినప్పుడు పెద్ద ప్రమాదాలు రెండు: వాహనాలు, నీళ్ళు.

ఇక నేర్పడం. "రోడ్డు మీదకి వెళ్ళకు" అనకండి. "గేటు దగ్గర ఆగు. అమ్మ చెయ్యి పట్టుకో" అనండి. పొయ్యి ముందు నేల మీద ఎర్ర టేపు అతికించి, "టేపు ఇవతల నిలబడు" అనండి. నాన్న, నానమ్మ, అందరూ అవే మాటలు వాడాలి. మాటలు రాని పిల్లవాడైతే మీ గేటు ఫోటో, మీ చెయ్యి ఫోటో తీసి వరుసగా చూపించండి.

"ఆగు" అనే మాటని ఆటలా నేర్పండి. ఇంట్లో ఇద్దరూ పరిగెత్తండి, "ఆగు" అనగానే ఇద్దరూ ఆగండి, ఆగగానే మెచ్చుకోండి. తర్వాత మేడ మీద, తర్వాత పార్కులో. ఎందుకంటే మీ గేటు దగ్గర నేర్చుకున్నది అమ్మమ్మ గారింటి గేటు దగ్గర వాడికి పనికొస్తుందని తోచకపోవచ్చు. ప్రతి కొత్త చోటా మళ్ళీ నేర్పాలి. విసుక్కోకండి.

ఒకటి మాత్రం వద్దు. "పోలీసు వచ్చి పట్టుకుపోతాడు" అని బెదిరించకండి. రేపు వాడు తప్పిపోతే, వెతకడానికి వచ్చేది ఆ పోలీసే. ఆయన్ని చూసి వాడు పారిపోతే ఎలా?

మీ ఫోన్ నంబరు వాడి చొక్కా లోపల కుట్టించండి. కనబడకపోతే ముందు దగ్గర్లో ఉన్న చెరువు, కాలువ, సంపు చూడండి. ఒకరు వెతుకుతుంటే ఇంకొకరు వెంటనే 112కి ఫోన్ చెయ్యండి.

ఇవాళే మొత్తం మొదలుపెట్టక్కర్లేదు. మీ ఇంట్లో అన్నిటికన్నా ప్రమాదమైన చోటు ఏదో చూసి, ఈ వారం అక్కడ తాళం, ఒక్క మాట. అంతే.