డైమండ్ చూపే దారి



దట్టమైన మేఘంలోంచి విమానం దిగుతుంటే కిటికీలోంచి మనకు తెలుపు తప్ప ఏమీ కనపడదు. పైలట్‌కీ అంతే. అయినా ఏ దూరంలో ఎంత ఎత్తున ఉండాలో ఆయనకు తెలుస్తూనే ఉంటుంది.

రన్‌వే మొదటి భాగానికి పక్కగా ఒక యాంటెన్నా స్తంభం ఉంటుంది. అది పంపే రేడియో తరంగాల్లో పైవైపు 90 హెర్ట్జ్ సంకేతం, కిందివైపు 150 హెర్ట్జ్ సంకేతం బలంగా ఉంటాయి. రెండూ సమానమయ్యే చోటే దిగే దారి. సాధారణంగా దాని వాలు 3 డిగ్రీలు. దీన్నే గ్లైడ్ స్లోప్ అంటాం. విమానంలోని రిసీవర్ ఆ రెండింటి తేడాను కొలిచి తెరకు అందిస్తుంది.

పైలట్ ఎదుటి తెర మీద పైన నీలం ఆకాశం, కింద గోధుమరంగు నేల. కుడిపక్కన నిలువుగా ఒక కొలబద్ద: మధ్యలో గీత, దానికి పైన రెండు చుక్కలు, కింద రెండు. ఆ కొలబద్ద మీద చిన్న డైమండ్ గుర్తు కదులుతుంటుంది. మధ్య గీత మన విమానం, డైమండ్ మన దారి. డైమండ్ పైకి పోయిందంటే మనం దారికన్నా కిందికి జారామన్నమాట.

ఈ కొలత కోణంలో ఉంటుంది. చివరి చుక్క దగ్గర తేడా సుమారు 0.7 డిగ్రీలు. 10 నాటికల్ మైళ్ల దూరంలో అది దాదాపు 740 అడుగులు, ఒక మైలు దూరంలో 74 అడుగులే! అందుకే నేల దగ్గరపడేకొద్దీ డైమండ్ చిన్న తేడాకే పరుగులు తీస్తుంది, పైలట్ చెయ్యి మరీ సున్నితంగా ఉండాలి.

సంకేతం నమ్మదగినదిగా లేకపోతే పాత పరికరాల్లో హెచ్చరిక జెండా పడుతుంది, ఇప్పటి తెరల్లో డైమండే మాయమవుతుంది. నా దృష్టిలో ఈ ఏర్పాటు డైమండ్ కన్నా గొప్పది. అయినా అదొక్కటే చాలదు.

1997 ఆగస్టు 6 రాత్రి గువామ్‌లో కొరియన్ ఎయిర్ 801 దిగుతోంది. అక్కడి గ్లైడ్ స్లోప్ ఆ రోజుల్లో పనిచేయడం లేదు, ఆ సంగతి సిబ్బందికి ముందే తెలుసు. అయినా అది పనిచేస్తోందా, లేదా అని వాళ్లు తర్జనభర్జన పడ్డ మాటలు రికార్డర్‌లో ఉన్నాయి. రన్‌వేకి ఇంకా మూడు మైళ్లుండగానే విమానం కొండను ఢీకొంది. ఉన్నది 254 మంది, పోయినవాళ్లు 228 మంది.

అందుకే డైమండ్ నడిమధ్యన నిలిచినా పైలట్ ఎత్తునూ దూరాన్నీ విడిగా సరిచూస్తాడు. నాలుగు మైళ్ల దగ్గర రన్‌వేకి సుమారు 1,300 అడుగుల ఎత్తున ఉండాలి. లెక్క కుదరకపోతే దిగడం ఆపి మళ్లీ పైకి లేపుతాడు. మీరెక్కిన విమానం చివరి నిమిషంలో అలా లేస్తే కంగారు పడకండి. ఆయన తన పని సరిగ్గా చేస్తున్నాడు.