పగిలిన ల్యాప్‌టాప్ స్క్రీన్: ఆర్డర్ పెట్టే ముందు వెనకాల నంబరు చూడండి

ఈ ఎపిసోడ్ అంతర్వేదిలో మా ఇంటి అరుగు మీద కూర్చుని చేస్తున్నానండి. వెనకాల హోరు వినిపిస్తే మైక్ పాడైందనుకోకండి, అది సముద్రం.

ఇవాళ్టి టాపిక్, ల్యాప్‌టాప్ స్క్రీన్ మార్చడం. ఇందులో నేను ఒక తప్పు చేశాను. ఇంచుమించు మా తమ్ముడి ఇంటర్వ్యూ పోయేది. ముందు ఆ కథ చెప్తాను, మీరైనా ఆ తప్పు చెయ్యరు.

భీష్మ ఏకాదశికి మా స్వామివారి రథోత్సవం జరుగుతుంది కదా. ఆ వారం మా ఊళ్ళో ప్రతి ఇల్లూ ఒక సత్రమే. బాబాయి వాళ్ళబ్బాయి, బీటెక్ ఫైనల్ ఇయర్, వాడూ వచ్చాడు. ఎవరో భోజనాలకి పిలిస్తే గబగబా ల్యాప్‌టాప్ మూసేసి లేచాడు. కీబోర్డ్ మీద ఇయర్‌బడ్ ఒకటి ఉండిపోయింది. చిన్న "టప్" అని సౌండ్. తెరిస్తే మధ్యలో సాలెగూడులా పగులు, ఒక పక్కంతా నల్లటి మరక, నిలువుగా రంగు గీతలు.

వాడి మొహం చూడాలి మీరు. రొయ్యల చెరువు కలిసొచ్చిన ఏడాది బాబాయి కొనిచ్చిన ల్యాప్‌టాప్ అది. ఐదు రోజుల్లో ఆన్‌లైన్ ఇంటర్వ్యూ. "అన్నయ్యా, నాన్నకి చెప్పొద్దు" అన్నాడు, అంతే.

సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి, గోదావరి దాటి ఒక షాపుకి వెళ్ళాం. ఆయన రెండు నిమిషాలు చూసి "బోర్డు కూడా పోయింది, 14 వేలు అవుద్ది" అన్నాడు. పేరెందుకులెండి. ఏ టెస్టూ చెయ్యలేదని మాత్రం నాకు అర్థమైంది. తిరిగొచ్చేశాం.

ఇంటికొచ్చి హెచ్‌డీఎంఐ కేబుల్‌తో హాల్లో టీవీకి పెట్టాం. బొమ్మ అద్దంలా వచ్చింది! అంటే బోర్డు బాగానే ఉంది, పోయింది ప్యానెల్ ఒక్కటే.

కాబట్టి ఫస్ట్ పాయింట్. డబ్బులు ఖర్చుపెట్టే ముందు ఇంట్లోనే మూడు టెస్టులు చెయ్యండి.

ఒకటి, టీవీ టెస్ట్. బొమ్మ రాకపోతే విండోస్ కీ పట్టుకుని పీ నొక్కి చూడండి. టీవీలో కూడా అవే గీతలు వస్తే గొడవ స్క్రీన్‌ది కాదు, గ్రాఫిక్స్‌ది గానీ బోర్డుది గానీ అయ్యుంటుంది. టీవీలో బాగుంటే ప్యానెల్ గానీ దాని కేబుల్ గానీ.

రెండు, మూత టెస్ట్. పగులు లేకుండా గీతలు వస్తుంటే మూతని మెల్లగా ముందుకీ వెనక్కీ కదపండి. ఒక యాంగిల్‌లో పోయి ఇంకో యాంగిల్‌లో వస్తుంటే, కీలు దగ్గర కేబుల్ నలిగిందని ఎక్కువ అనుమానం. కేబుల్ ప్యానెల్ కంటే చాలా చవక.

మూడు, టార్చ్ టెస్ట్. స్క్రీన్ నల్లగా ఉందా? చీకట్లో ఫోన్ టార్చ్ ఏటవాలుగా వెయ్యండి. బొమ్మ లీలగా కనిపిస్తే డిస్‌ప్లే పనిచేస్తోంది, బ్యాక్‌లైట్ రావట్లేదు.

ఇక నా తప్పుకి వద్దాం. ల్యాప్‌టాప్ మోడల్ పేరు కొట్టి ఆన్‌లైన్‌లో ప్యానెల్ ఆర్డర్ పెట్టేశాను. మూడో రోజు వచ్చింది. విప్పి చూస్తే మాది 30 పిన్, వచ్చింది 40 పిన్. ఒకే మోడల్ పేరుతో కంపెనీలు వేరే వేరే ప్యానెళ్ళు వేస్తాయండి. బీటెక్ చదివి, నాలుగేళ్ళు సాఫ్ట్‌వేర్‌లో చేసి, నాకా బుద్ధి లేకపోయింది.

అందుకే సెకండ్ పాయింట్. ముందు పాత ప్యానెల్ విప్పండి, వెనకాల స్టిక్కర్ ఫోటో తీయండి, ఆ నంబరుతోనే కొనండి. ఉదాహరణకి ఎన్‌టీ156ఎఫ్‌హెచ్‌ఎం అని ఉందనుకోండి. 156 అంటే 15.6 అంగుళాలు, ఎఫ్‌హెచ్ అంటే ఫుల్ హెచ్‌డీ, అంటే 1920 బై 1080. మ్యాచ్ అవ్వాల్సినవి: సైజు, రిజల్యూషన్, పిన్‌లు, రిఫ్రెష్ రేటు, పక్కన స్క్రూ చెవులు ఉన్నాయా లేదా. 40 పిన్ అనేది పాత ల్యాప్‌టాప్‌లలో వస్తుంది, టచ్ వాటిలో, 144 హెర్ట్జ్ వాటిలో కూడా వస్తుంది. అవన్నీ ఒకటి కాదు. దూరింది కదా అని పెట్టేస్తే బోర్డుకే ఎసరు.

మరి ఇంటర్వ్యూ? పగిలింది డిస్‌ప్లే, కెమెరా కాదు కదా! కెమెరా పైన ఫ్రేమ్‌లో విడిగా ఉంటుంది. పాత ప్యానెల్ మళ్ళీ బిగించి, ల్యాప్‌టాప్ మూత తెరిచి వాడి ముందు పెట్టాం, దాని వెనకాలే టీవీ. హాల్లో చుట్టాలందర్నీ అరుగు మీదకి తోలేశాం. వాడు టీవీలో కోడ్ రాశాడు. తర్వాతి రౌండ్‌కి పిలిచారు కూడా, ఆయ్!

సరైన ప్యానెల్ తర్వాతి వారం వచ్చింది, 4,700 పడింది. మార్చడం ఇలా.

షట్‌డౌన్ చేసి చార్జర్ తీసెయ్యండి. కింద కవర్ విప్పి బ్యాటరీ కనెక్టర్ పీకండి. అది మర్చిపోతే అన్నీ మర్చిపోయినట్టే. కరెంటు ఉండగా డిస్‌ప్లే కేబుల్ కదిపితే షార్ట్ అయ్యి బ్యాక్‌లైట్ సర్క్యూట్ కాలిపోవచ్చు. తర్వాత పవర్ బటన్ పది సెకన్లు నొక్కి పట్టుకోండి.

స్క్రీన్ చుట్టూ ఫ్రేమ్‌ని పాత ఏటీఎం కార్డుతో మెల్లగా లేపండి, స్క్రూడ్రైవర్ వద్దు. ప్యానెల్ స్క్రూలు తీసి, కీబోర్డ్ మీద మెత్తటి గుడ్డ వేసి, ప్యానెల్‌ని బోర్లా పడుకోబెట్టండి. కనెక్టర్ మీద టేప్ తీసి, చిన్న లాక్ ఎత్తి, కేబుల్‌ని సూటిగా బయటికి జరపండి, పైకి లాగకండి. కొత్తది పెట్టేది ఇదే దారిలో, తిరగేసి. ఫ్రేమ్ బిగించకముందే బ్యాటరీ కలిపి ఆన్ చేసి, తెలుపు, నలుపు, ఎరుపు ఫుల్ స్క్రీన్‌లో చూడండి. చచ్చిన పిక్సెల్ ఉంటే వాపసు పంపాల్సింది అప్పుడే.

గాజుకి ప్యానెల్ అతికించేసిన టచ్ మోడళ్ళు, మ్యాక్‌బుక్‌లు మాత్రం ఇంట్లో ముట్టుకోవద్దు. వారంటీలో ఉన్నా ముందు సర్వీస్ సెంటర్‌లో అడగండి. మామూలు వారంటీ పగుళ్ళకి వర్తించదు, విడిగా యాక్సిడెంటల్ ప్లాన్ తీసుకుంటే వేరు.

షాపులో ఇచ్చినా నామోషీ ఏం లేదండి. కాకపోతే ఎదురుగా మార్చమనండి, పాత ప్యానెల్ అడిగి తీసుకోండి, పాస్‌వర్డ్ ఇవ్వకండి. లాగిన్ స్క్రీన్ వస్తే చాలు, ప్యానెల్ తెలిసిపోతుంది. మీ ఫోటోలతో దానికి పనే లేదు.

మా తీరం వాళ్ళకి ఇంకో మాట. ఇనుప గేటునే తినేసే ఉప్పు గాలి ఇది. విప్పినప్పుడు పిన్‌ల మీద పచ్చగా తుప్పు ఉందేమో చూడండి. ఉంటే కొత్త ప్యానెల్ వేసినా మళ్ళీ గీతలే.

అన్నట్టు, బాబాయికి తెలిసిపోయింది. ఏమీ అన్లేదు. "మూసే ముందు చూసుకోరా" అన్నాడు, అంతే. నేను మీకు చెప్పేదీ అదే.

మీ స్క్రీన్ ప్రాబ్లం ఏంటో, ఏ టెస్ట్‌లో ఏం వచ్చిందో కామెంట్‌లో రాయండి, చూసి చెప్తాను. ఉంటానండి మరి!