పాత డీజిల్ ఇంజనుకు కొత్త బుర్ర

గుంతకల్లు–బళ్లారి దారిలో ఉన్న హగరి వాళ్లకు డీజిల్ ఇంజన్ల మోత కొత్త కాదు. వారణాసిలో 1964 నుంచి తయారైన ఆల్కో రకం ఇంజన్లలో అదుపు పని చాలావరకు రిలేల మీద, అంటే కరెంటుతో పనిచేసే స్విచ్చుల మీద, నడిచేది. వాటి కాంటాక్టులు అరిగినా, దుమ్ము పట్టినా తిప్పలే. లోపం ఎక్కడుందో వెతుక్కోవాలి. తర్వాత చాలా ఇంజన్లకు మైక్రోప్రాసెసర్ అదుపు పెట్టెలు అమర్చారు. అలాంటి పెట్టెల్ని హైదరాబాదులోని మేధా కంపెనీ కూడా చేసింది. చక్రం జారితే ఆ పెట్టె పసిగట్టి పవరు తగ్గిస్తుంది. పట్టు దొరకగానే మళ్లీ పెంచుతుంది. లోపాన్ని గుర్తుపెట్టుకుని తెరమీద చూపుతుంది.

మరి దారిలో ఆ పెట్టెలోని ఎలక్ట్రానిక్ కార్డు పాడైతే? న్యాయమైన ప్రశ్నే. రిలేను గీకి నడిపించినట్టు కార్డును నడిపించలేం. కానీ పోయిందేదో తెలిస్తే, షెడ్డులో మార్చడం తేలిక. ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి. ఈ పెట్టెవల్ల హార్స్‌పవరు పెరగదు. ఉన్న బలమే వృథా కాకుండా పట్టాలకు చేరుతుంది.