యూనిఫాం విప్పిన తర్వాత కూడా



ఫ్యాక్టరీ గేటు దగ్గర కాపలా కాసే మాజీ సైనికుడి ఇంట్లో నల్ల ట్రంకు పెట్టె ఒకటి ఉంటుంది. దాని మీద తెల్ల రంగుతో పేరు, సైన్యం నంబరు రాసి ఉంటాయి. లోపల డిశ్చార్జి పుస్తకం. అది చేతికొచ్చిన రోజుతో సైన్యానికీ తనకూ లెక్క తీరిపోయిందని చాలామంది అనుకుంటారు. పూర్తిగా తీరదు.

1950 నాటి సైనిక చట్టం 123వ సెక్షన్ ప్రకారం, ఉద్యోగంలో ఉండగా చేసిన నేరానికి, రిటైరయ్యాక కూడా సైన్యం అదుపులోకి తీసుకుని కోర్టు మార్షల్ జరపవచ్చు. అయితే గడువుంది. ఉద్యోగం వదిలిన మూడేళ్లలోపు విచారణ మొదలవ్వాలి. ఒకప్పుడు ఇది ఆరు నెలలే, 1992లో పెంచారు. తప్పించుకు తిరిగిన కాలం ఈ లెక్కలోకి రాదు. సైన్యం నుంచి పారిపోవడం, తిరుగుబాటు, మోసంతో చేరడం వంటి నేరాలకు ఈ గడువే వర్తించదు. రిటైరయ్యాక చేసిన నేరమైతే మాత్రం మామూలు కోర్టుదే. ఈ తేడా న్యాయమైనదే అని నా అభిప్రాయం.

మరి కోర్టు మార్షల్ తీర్పు అన్యాయమనిపిస్తే? 2007 చట్టంతో ఏర్పడిన సాయుధ దళాల ట్రిబ్యునల్‌కు అప్పీలు చేసుకోవచ్చు. దాని బెంచి మన చెన్నైలోనే ఉంది. పింఛను వివాదాలు కూడా అక్కడే వింటారు. సైనికుడు చనిపోతే భార్యాబిడ్డలూ వెళ్లవచ్చు.

అందుకే ఆ డిశ్చార్జి పుస్తకాన్ని, కాగితాలను జాగ్రత్తగా దాచుకోండి. నోటీసు వస్తే భయపడి దాక్కోకండి, వెంటనే వకీలును కలవండి.