శిక్ష వేసే రోజున మనం ఎవరి పక్కన నిలబడాలి?

(షోళింగనల్లూరులో తెలుగు యువజన కూడికలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ సాయంత్రం మనం మాట్లాడుకోబోయేది కష్టమైన సంగతి. మత్తుకు బానిసైన ఒక కుర్రాడు డబ్బు కోసం దోపిడీకి దిగుతాడు. ఎదురు తిరిగిన మనిషిని చంపేస్తాడు. అతనికి ఏ శిక్ష వేయాలి? ఇలాంటి వార్త రాగానే మన గ్రూపుల్లో కనిపించే మాట ఒకటే: ఉరి తీయండి. అలా అన్నవాళ్లను మేము తప్పుపట్టడం లేదు. అన్యాయంగా ప్రాణం పోతే కోపం రాకపోవడమే తప్పు. కాని ఆ కోపం దగ్గరే ఆగిపోతే సంఘంగా మనం చేయాల్సిన పని మిగిలిపోతుంది.

మనం ఉన్న చోటునే చూడండి. ఒక పక్క ఐటీ కంపెనీలు. రాత్రి షిఫ్టు చేసి ఇంటికి వచ్చే మన అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు. కాస్త దూరంలో కణ్ణగి నగర్, సెమ్మంచేరి, పెరుంబాక్కం. నగరం మధ్యలో గుడిసెలు తీసేసి, తెచ్చి ఇక్కడ పెట్టిన కుటుంబాలు. అడ్రసు చెబితేనే పని దొరకని పిల్లలు అక్కడ ఉన్నారు. నేరం ఆ కాలనీల సొత్తు కాదు. గంజాయి, మత్తు మాత్రలు హాస్టల్ గదుల్లోకీ వస్తున్నాయి. దోపిడీలో దెబ్బతినేవాళ్లూ, దోపిడీకి దిగేవాళ్లూ ఇద్దరూ మన పొరుగువాళ్లే అయ్యే చోటు ఇది.

మన తెలుగునాట జరిగిన ఒక కేసు గుర్తు చేసుకుందాం. అది మత్తుమందుల కేసు కాదు, దోపిడీ కేసు. 1993 మార్చి 8. హైదరాబాదు నుంచి చిలకలూరిపేట వెళ్తున్న ఆర్టీసీ బస్సు. ప్రయాణికులను బెదిరించి దోచుకోవాలని ఎక్కిన ఇద్దరు యువకులు పెట్రోలు చల్లి నిప్పంటించారు. 23 మంది కాలిపోయారు. ఆ సంఖ్యను తొందరగా దాటిపోకండి. 23 ఇళ్లలో ఎదురుచూసినవాళ్లున్నారు. ఆ మనుషులు తిరిగి రాలేదు.

నేరస్థులు చలపతిరావు, విజయవర్ధనరావు. ఇద్దరూ దళిత యువకులు, పేదవాళ్లు. సెషన్స్ కోర్టు ఉరిశిక్ష వేసింది. 1996లో సుప్రీంకోర్టు దాన్ని ఖాయం చేసింది. 1997లో ఉరికి రోజు కూడా నిర్ణయమైంది. చివరి ఘడియలో అది ఆగింది. పౌరహక్కుల కార్యకర్తలు, రచయిత్రి మహాశ్వేతాదేవి వంటివారు వాళ్ల ప్రాణాల కోసం పాటుపడ్డారు. 1998లో రాష్ట్రపతి కె.ఆర్. నారాయణన్ ఆ శిక్షను యావజ్జీవంగా మార్చారు.

అప్పుడు చాలామంది అడిగారు: చనిపోయినవాళ్ల సంగతేమిటి? న్యాయమైన ప్రశ్న. దానికి జవాబు చెప్పకుండా క్షమ గురించి మాట్లాడే హక్కు మనకు లేదు.

ఇక చట్టం ఏమంటుందో చూద్దాం. తనంతట తాను తీసుకున్న మత్తు హత్యకు సాకు కాదు. పాత ఐపీసీ ప్రకారమైనా, 2024 జూలై 1 నుంచి అమలవుతున్న భారతీయ న్యాయ సంహిత ప్రకారమైనా అంతే. కాబట్టి ఆ కుర్రాడు దోషి. హత్యకు శిక్ష మరణం గాని, యావజ్జీవం గాని. ఈ రెండింటిలో ఏది అన్నది తేల్చే ముందు శిక్ష విషయంలో దోషి మాట కూడా జడ్జి వినాలి. మరణశిక్ష వేస్తే ప్రత్యేక కారణాలు రాయాలి. 1980లో బచన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది ఇదే: అరుదైన వాటిలోకెల్లా అరుదైన కేసులోనే ఉరి. నేరాన్ని మాత్రమే కాదు, నేరం చేసిన మనిషిని కూడా చూడాలి.

కాని ఆ మనిషి గురించి కోర్టుకు ఎవరు చెబుతారు? 2011లో ఇండోర్‌లో దోపిడీకి ఒక ఇంట్లో చొరబడి, మూడు తరాల స్త్రీలను ముగ్గురిని చంపారు. ఆ కేసులో, మనోజ్ కేసు అంటారు దాన్ని, 2022 మేలో సుప్రీంకోర్టు ఉరిని తీసేసి కనీసం 25 ఏళ్ల జైలుతో యావజ్జీవం వేసింది. అంతటితో ఆగలేదు. మరణశిక్షకు అవకాశమున్న కేసుల్లో దోషి మానసిక స్థితి, కుటుంబం, చదువు, పేదరికం, జైల్లో నడవడి వంటి వివరాలు కోర్టు ముందుకు తేవాలంది. ఎప్పుడో పై కోర్టులో కాదు, విచారణ కోర్టులోనే. మత్తుకు ఎలా అలవాటుపడ్డాడు, ఎవరు అలవాటు చేశారు, వైద్యం దొరికిందా లేదా అన్నవి తెలియాల్సింది అక్కడే. లాయరుకు ఫీజు ఇచ్చుకోలేనివాడి విషయంలో ఈ వివరాలు ఫైలులోకి చేరడం కష్టం. ఢిల్లీ నేషనల్ లా యూనివర్సిటీ 2016 నివేదిక ప్రకారం మన దేశంలో మరణశిక్ష పడిన ఖైదీల్లో నలుగురిలో దాదాపు ముగ్గురు ఆర్థికంగా బలహీనులు. ఉరికొయ్య దాకా ఎవరు వెళ్తున్నారో దీన్నిబట్టి ఆలోచించండి.

ఇప్పుడు సువార్త దగ్గరికి వద్దాం. మంచి సమరయుని కథ దోపిడీ కథే. దొంగలు కొట్టి వదిలేసిన మనిషి గాయాలు కట్టి, పూటకూళ్ల ఇంటికి చేర్చి, ఖర్చు కూడా పెట్టుకున్నవాడే పొరుగువాడు. ప్రభువు మన చూపును ముందు గాయపడినవాడి వైపు తిప్పాడు. అదే ప్రభువు కలువరిలో ఇద్దరు నేరస్థుల మధ్య వేలాడాడు. ఒకడు తన నేరం తానే ఒప్పుకున్నాడు. వాడికి ప్రభువు చివరి గంటలో కూడా తలుపు మూయలేదు. మొదటి హంతకుడు కయీనును దేవుడు నిలదీశాడు, శిక్షించాడు, కాని వాణ్ణి ఎవరూ చంపకుండా గుర్తు వేశాడు. నిలదీయడం, శిక్షించడం, ప్రాణం నిలపడం: మూడూ ఒకే దేవుడు చేశాడు.

అందుకే మేము అడిగేది విడుదల కాదు. శిక్ష పడాలి. అది ప్రాణం తీసే శిక్ష కాకూడదు. జైలుకు పంపినవాణ్ణి మారే దారిలో పెట్టాలి. ఉరి వేస్తే చేసిన పనికి జీవితమంతా జవాబు చెప్పుకునే అవకాశమే పోతుంది.

మరి మనం చేయాల్సింది?

మొదట, చనిపోయినవారి ఇంటికి వెళ్దాం. సమాధి కార్యక్రమం రోజున మాత్రమే కాదు, కేసు నడిచినంత కాలం. బాధితుల పరిహారం కోసం జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు దరఖాస్తు రాయించడం, వాయిదాలకు తోడు వెళ్లడం, పిల్లల స్కూలు ఫీజు చూసుకోవడం మన పనే.

రెండు, ఆ కుర్రాడి తల్లిని ఒంటరిగా వదలొద్దు. ఆమె ఏ తప్పూ చేయలేదు. ఉచిత న్యాయ సహాయం కోసం 15100కు ఫోన్ చేయించండి. అతని బాల్యం తెలిసిన టీచరు, సండేస్కూలు అక్క, కాపరి నిజం చెప్పడానికి ముందుకు రావాలి. మంచీ చెడూ రెండూ చెప్పాలి.

మూడు, అంతదాకా రానివ్వకండి. కొద్ది పరిమాణంతోనో, మత్తు తీసుకునో పట్టుబడిన బానిస తనంతట తాను గుర్తింపు ఉన్న కేంద్రంలో చికిత్సకు వెళ్తే, విచారణ నుంచి రక్షణ కల్పించే సెక్షన్ 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టంలోనే ఉంది. మత్తు మాన్పించే జాతీయ హెల్ప్‌లైన్ 14446. ఇంట్లో పరువు పోతుందని దాచకండి. ప్రార్థన చేద్దాం, డాక్టరు దగ్గరికీ తీసుకెళ్దాం.

శిక్ష వేసే రోజున కోర్టు వరండాలో రెండు కుటుంబాలు ఉంటాయి. ఒకరి మొహం ఒకరు చూసుకోలేరు. ఆ రెండు చోట్లా మన సంఘం నుంచి ఎవరో ఒకరు కూర్చుని ఉండాలి. మీలో ఎవరు వెళ్తారో ఈ వారం ప్రార్థనలో ఆలోచించండి. వచ్చే కూడికలో పేర్లు రాసుకుందాం.

దేవుడు మనకు అందుకు తగిన ధైర్యం, కనికరం దయచేయును గాక. ఆమెన్.