కారుకు బలము, బ్రేకుకు బలము

చిల్లకల్లు టోలుగేటు దాటగానే కొన్ని కార్లు ఉరుమువలె మ్రోగుచు ముందునకు దూకును. ఆ మ్రోత చాలవరకు సైలెన్సరు మార్చినందున కలిగినది; దానివలన పెరుగు బలము స్వల్పము. టర్బో ఇంజనులో కంప్యూటరు లెక్కలను మార్పించినచో బలము నిజముగనే హెచ్చును. కాని క్లచ్చు దానికి తాళవలెను గదా! ఈ మాట అందరు మెకానిక్కులును చెప్పరు.

క్రొత్త కారు కొనిన యువకులకు నా మనవి: మొదట మంచి బ్రేకు ప్యాడ్లు, టైర్లు వేయించుకొనుడు. వేగము గంటకు 80 కిలోమీటర్ల నుండి 120కి పెరిగినచో, కారు నాపుటకు బ్రేకులు హరింపవలసిన శక్తి రెండుంబావు రెట్లగును. ఊరిబాట నుండి మిరప బస్తాల ట్రాక్టరు రహదారి మీదికి వచ్చినపుడు అక్కరకు వచ్చునవి అవియే.

ఇక చట్టము. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను, తయారీదారు నిర్ణయించిన వివరములకు భిన్నమగునట్లు వాహనమును మార్చరాదనుచున్నది. బీమా కంపెనీకి తెలుపని మార్పు పరిహారమునకు అడ్డుపడవచ్చును.